మళ్ళీ పూసిన తులిప్ పాతదేనా?

గోధుమరంగు పొర కప్పుకుని, ఎండి, ఉల్లిపాయలా పడి ఉన్న గడ్డలోంచి పువ్వు లేచి రావడాన్ని మరణానంతర జీవితానికి పోలికగా చెప్పడం బోధకులకు పాత అలవాటు. పోలిక అందమైనదే. అది ఎంతవరకు నిలుస్తుందో తేల్చడానికి మాత్రం సంకర జాతుల కన్నా అడవి తులిప్ మంచి సాక్షి. అంగట్లో దొరికే పెద్ద పువ్వుల తులిప్‌లు నాలుగైదు వందల ఏళ్ళ మనిషి ఎంపిక ఫలితం. అడవి జాతులు అలా కాదు. మధ్య ఆసియా పర్వతాలు, ఇరాన్, టర్కీ, మధ్యధరా తీరాల్లో ఎముకలు కొరికే చలికీ, చుక్క వాన లేని వేసవికీ అలవాటుపడి, జానెడు ఎత్తున పూసే మొక్కలివి. వీటిలో దాదాపు 75 నుంచి 100 వరకు జాతులను శాస్త్రజ్ఞులు లెక్కిస్తారు. కశ్మీర్‌లో కొన్ని జాతులు పాత కట్టడాల మట్టి కప్పుల మీద కూడా పూస్తాయి.

బహ్రెయిన్ నేలలో తులిప్ సహజంగా పుట్టదు. గల్ఫ్ అవతల ఇరాన్‌లోని జాగ్రోస్ కొండలే దానికి దగ్గరి పుట్టిల్లు. దీవిలో ఏడాదికి పడే వాన సుమారు 70, 80 మిల్లీమీటర్లు. వేసవిలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. జనవరిలో సైతం సగటు వేడి 17 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. తులిప్‌కు కావలసినది దాదాపు పన్నెండు వారాల పాటు 9 డిగ్రీలకు దిగువన ఉండే చలి. ఆ చలి తగలకపోతే కాడ సాగదు. మొగ్గ ఆకుల మధ్యే ఇరుక్కుని మాడిపోతుంది. అందుకే అక్కడ ఇంటి తోటలో తులిప్ పెంచాలంటే శీతకాలాన్ని ఫ్రిజ్‌లో తయారు చేయాల్సి వస్తుంది. సెప్టెంబరు నడుమ గడ్డలను కాగితం సంచిలో పెట్టి కూరగాయల అరలో ఉంచుతారు. పక్కన ఆపిల్ పండ్లు ఉండకూడదు. పండేటప్పుడు అవి వదిలే ఎథిలీన్ వాయువు గడ్డ లోపలి మొగ్గను చంపుతుంది. డిసెంబరు నడుమ ఇసుక, సన్న కంకర కలిపిన మట్టిలో, నీరు నిలవని కుండీలో నాటితే ఫిబ్రవరిలో పూలు వస్తాయి. ఇరాన్ నుంచి పశ్చిమ హిమాలయాల దాకా పెరిగే క్లూసియానా జాతి తక్కువ చలితోనూ సర్దుకుంటుంది కనుక వేడి ప్రాంతాలకు ముందు దాన్నే ఎంచుకోవడం మేలు. 1593లో హాలండ్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయానికి వచ్చి అక్కడ తులిప్‌లు నాటిన కరోలస్ క్లూసియస్ పేరే దానికి పెట్టారు.

మొక్కకూ మరణానికీ ఉన్న సంబంధాన్ని గురించి ఈ దీవి చాలా ముందే ఆలోచించింది. బహ్రెయిన్ ప్రాచీన దిల్మున్ రాజ్యానికి కేంద్రమని పురావస్తు శాస్త్రజ్ఞులు గుర్తించారు. సుమేరియన్ల కథల్లో దిల్మున్ రోగమూ ముసలితనమూ లేని నేల. ఎంకి దేవుడు అక్కడికి మంచినీరు రప్పిస్తాడు. తర్వాత మొలిచిన ఎనిమిది మొక్కలను తినేసి తానే జబ్బుపడతాడు. జలప్రళయం దాటి చావులేని బతుకు పొందిన జియుసూద్రను దేవతలు ఉంచిందీ దిల్మున్‌లోనే. అలాంటి నేల మీదే క్రీ.పూ. 2200 నుంచి 1750 వరకు కట్టిన సమాధి దిబ్బలు 11,774 మిగిలాయి. 2019లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చావులేని దేశమన్న పేరూ, అన్ని వేల సమాధులూ ఒకే చోట ఉండటం వింతగానే అనిపిస్తుంది.

సుమేరియన్ల రాజు గిల్గమెష్ గాథలోని మొక్క కథా ఈ కోవలోదే. ముసలివాణ్ణి పడుచువాణ్ణి చేసే ముళ్ళ మొక్క కోసం గిల్గమెష్ కాళ్ళకు రాళ్ళు కట్టుకుని నీటి అడుగుకు దిగుతాడు. గల్ఫ్‌లో ముత్యాల కోసం మునిగేవాళ్ళు నిన్నమొన్నటి దాకా దిగిన తీరు అదే. తిరుగుదారిలో అతను స్నానం చేస్తుండగా ఒక పాము ఆ మొక్కను ఎత్తుకుపోతుంది, పోతూ పోతూ కుబుసం విడుస్తుంది. 1953 నుంచి బహ్రెయిన్‌లో తవ్వకాలు జరిపిన డెన్మార్క్ బృందానికి కలాత్ అల్ బహ్రెయిన్ కోట దగ్గర, ఇంటి నేల కింద, పాము ఎముకలున్న మట్టిగిన్నెలు దొరికాయి. ఒక గిన్నెలో చిన్న ముత్యం ఉంది. ఆ బృందంలోని జెఫ్రీ బిబీ దాన్ని గిల్గమెష్ కథతో ముడిపెట్టాడు. గిల్గమెష్ కోరింది చావకుండా ఉండటం. పాముకు దక్కింది వేరు: పాతది వదిలి కొత్తగా రావడం. ఈ రెంటినీ అమరత్వమన్న ఒక్క మాటలో కలిపేయడంతోనే గందరగోళం మొదలైంది.

నేటి బహ్రెయిన్‌లో ఎక్కువ మంది పాటించే ఇస్లాం మూడో మాట చెబుతుంది. మనిషి చనిపోతాడు, తిరిగి లేపబడతాడు. వాన పడి చచ్చిన నేల బతకడాన్ని ఖురాన్ పలుచోట్ల దీనికి ఉదాహరణగా చూపుతుంది. శీతకాలపు జల్లు తర్వాత ఇసుకలో పచ్చిక మొలవడం చూసిన వారికి ఈ ఉదాహరణను విప్పి చెప్పనక్కర్లేదు. శరీరమంతా మట్టిలో కలిసినా వెన్నెముక చివరి ఎముక మిగులుతుందనీ, మనిషి తిరిగి దాని నుంచే మొక్కలా మొలుస్తాడనీ హదీసుల్లో ఉంది. గడ్డకు ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు. టర్కీ భాషలో తులిప్‌ను లాలే అంటారు. అరబీ లిపిలో ఆ పేరుకూ అల్లాహ్ అన్న పేరుకూ అవే అక్షరాలు. అక్షరాలకు అంకెలిచ్చే అబ్జద్ లెక్కలో రెంటి విలువా 66. ఇరాన్‌లో ఎర్ర లాలే అమరుల రక్తానికి గుర్తు.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 15వ అధ్యాయంలో గోధుమగింజను చూపిస్తాడు. విత్తింది చావకపోతే బతకదనీ, రాబోయే శరీరం విత్తిన శరీరం కాదనీ ఆయన వాదం. బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయం చివర యాజ్ఞవల్క్యుడు ఇంకా ముందుకు వెళ్ళి అడుగుతాడు. చెట్టును నరికితే వేరు నుంచి చిగురిస్తుంది. మృత్యువు నరికిన మనిషి ఏ వేరు నుంచి చిగురిస్తాడు? సంతానమనే జవాబును ఆయన ముందే తోసిపుచ్చుతాడు, బిడ్డలు పుట్టేది బతికున్న వాడి నుంచే కదా అని. సభలోని బ్రాహ్మణులకు జవాబు తోచదు.

ఇక్కడ గడ్డను కోసి చూడటం అవసరం. ఎండాకాలంలో ఎండి, చచ్చినట్టున్న తులిప్ గడ్డ నిజానికి చావలేదు. వచ్చే ఏటి పువ్వు రేకులతో, కేసరాలతో సహా దాని లోపల రూపుదిద్దుకునేది సరిగ్గా ఆ నెలల్లోనే. మరి చావు ఎక్కడ? పువ్వు విప్పారినప్పుడు. ఆ పువ్వునూ ఆకులనూ పోషించడంలో నాటిన గడ్డ తన పిండిపదార్థమంతా ఖర్చు చేసి పలుచని పొరగా మిగులుతుంది. దాని పొరల సందుల్లో ఉన్న మొగ్గలు ఆ సమయంలోనే ఊరి కొత్త గడ్డలవుతాయి. నార్సిసస్ గడ్డకు ఈ గతి లేదు. అది ఏళ్ళ తరబడి అదే గడ్డగా కొనసాగుతుంది. తెలుగువారికి తెలిసిన అడవినాభి దుంప మాత్రం తులిప్ దారిదే: ఏటా పాత దుంప పోయి కొత్తది వస్తుంది. అంటే పునరుత్థానానికి తులిప్‌ను ఉదాహరించేవారు మరణాన్ని తప్పు నెలలో చూస్తున్నారు. వాళ్ళు శవమనుకున్నది గర్భం. తిరిగి లేచిందనుకున్నదే మరణం. చచ్చినది లేస్తుందని నిరూపించడానికి ఈ మొక్క పనికిరాదు.

అయితే ఏమీ నిరూపించదని కొట్టేయడమూ తొందరపాటే. పిల్లగడ్డ జన్యుపరంగా తల్లికి అచ్చు నకలు. విత్తనం నుంచి వచ్చే మొక్క అలా కాదు; అది వేరే జీవి, పూయడానికి అయిదారేళ్ళు పడుతుంది. కనుక తులిప్‌కు సంతానం రెండు విధాలు: ఒకటి తనే, ఒకటి తనది. యాజ్ఞవల్క్యుడు కాదన్న జవాబు మొదటి విధానికి అంత తేలిగ్గా వర్తించదు. సంతానమన్న మాటకు తెలుగులో బిడ్డలని అర్థం. బౌద్ధ దర్శనంలో తెగకుండా సాగే క్షణాల ప్రవాహమని అర్థం. శాలిస్తంబ సూత్రం వరి మొలకను తీసుకుని చెప్పేది ఇదే: విత్తు మొలక కాదు, అలాగని విత్తు పూర్తిగా నశించాక ఎక్కడి నుంచో మొలక ఊడిపడదు. త్రాసులో ఒక తట్ట దిగుతుండగానే రెండోది లేచినట్టు ఒకటి పోతుండగా మరొకటి వస్తుంది. తులిప్ తల్లిగడ్డ, పిల్లగడ్డల మధ్య జరిగేదానికి ఇంత కచ్చితమైన వర్ణన వృక్షశాస్త్ర గ్రంథాల్లోనూ అరుదు. ఆంధ్రదేశంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారిక 17వ ప్రకరణంలో ఈ విత్తు, మొలక వాదాన్ని ఇతరుల పక్షంగా ప్రస్తావించి, అక్కడితో తృప్తిపడలేదు. అదే అన్నా, వేరే అన్నా, దేనికైనా స్వతస్సిద్ధమైన స్వభావం ఉందని ముందే ఒప్పుకున్నట్టవుతుందని ఆయన అభ్యంతరం.

శాలిస్తంబ సూత్రం మొలకకు కావలసిన ఆరు ప్రత్యయాలను, అంటే తోడు కారణాలను, లెక్కిస్తుంది: భూమి, నీరు, వేడి, గాలి, ఆకాశం, రుతువు. బహ్రెయిన్ తోటమాలికి మొదటి అయిదూ ఎలాగో కుదురుతాయి. ఆరోదే దొరకదు, దాన్ని కరెంటుతో నడిపించాలి. దొంగ చలికాలంతో పూసిన పువ్వు దొంగ పువ్వేమీ కాదు. గడ్డకు రుతువు పేరుతో పని లేదు, చలితోనే పని. సృష్టి క్రమాన్ని ధిక్కరించడమని దీన్ని తప్పుపట్టేవారు వరిని, ఖర్జూరాన్ని కూడా తప్పుపట్టాల్సి ఉంటుంది. అసలు ఇబ్బంది మరొకటి. పువ్వు రాలాక ఆకులు ఆరు వారాలైనా చల్లని ఎండలో పచ్చగా ఉంటేనే పిల్లగడ్డలు ఊరతాయి. అక్కడ ఏప్రిల్‌కే ఎండ ముదురుతుంది. దాంతో పిల్లగడ్డలు చిన్నవైపోయి, మరుసటి ఏడు చాలావరకు ఆకు మాత్రమే వేస్తాయి. ప్రవాహం తెగదు గానీ సన్నగిల్లుతుంది.

నిలకడే కోరుకునేవారికి ఈ దీవిలో వేరే చెట్టుంది. జబల్ దుఖాన్ కొండకు కొంత దూరంలో, చుట్టూ మరో చెట్టు లేని ఇసుకలో నిలిచిన వృక్షాన్ని స్థానికులు షజరత్ అల్ హయాత్, అంటే జీవవృక్షం అంటారు. దాని వయసు 400 ఏళ్ళని అంచనా. అది ప్రోసోపిస్ సినరేరియా. అంటే మన జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం. పాండవులు అజ్ఞాతవాసంలో ఆయుధాలు దాచిన చెట్టుగా దసరా నాడు తెలుగువారు పూజించేది, తెలంగాణలో ఆకును బంగారమని పంచుకునేది ఈ జాతినే. ఆ జమ్మి చావును వాయిదా వేస్తుంది. తులిప్ ఆ పని చేయదు. ఏప్రిల్ చివర ఆకులు పూర్తిగా పండాక కుండీని బోర్లిస్తే, డిసెంబరులో నాటిన గడ్డ ఉన్న చోట కాగితంలాంటి గోధుమరంగు పొర, దాని పక్కన ఒకటో రెండో చిన్న గడ్డలు కనిపిస్తాయి.