పేక నీకు వదిలిన నేత

అలిపిరి మెట్లు ఎక్కేవాళ్ళకు మోకాళ్ళ పర్వతం దగ్గర అడుగు తనంత తానే నెమ్మదిస్తుంది. స్వామి కొండను పాదాలతో తొక్కలేక రామానుజులవారు మోకాళ్ళ మీద ఎక్కారని చెప్పుకునే చోటు అది. పసుపు కుంకుమలద్దిన మెట్టుకు చెయ్యి ఆనించి, గోవిందా అంటూ, ఒక్కో మెట్టూ మోకాళ్ళతోనే ఎక్కే తల్లులను చూస్తూ నేనక్కడ నిలబడిపోతాను. కళ్ళు వాళ్ళ ముఖాల మీదే ఉంటాయి. మనసు మాత్రం మోకాటి చిప్ప వెనుక, ఆ చిమ్మచీకటిలో, నువ్వు కట్టిన ముడి దగ్గరికి పోతుంది తండ్రీ!

ఎంత చిన్న ముడి అది! తొడ ఎముకకూ దాని కింది ఎముకకూ నడుమ కత్తెర వేసుకున్న రెండు లిగమెంట్లు. ముందున్నది చిటికెన వేలంత లావైనా ఉండదు, పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లు. పడుచు ప్రాయంలో 200 కిలోల లాగుడుకు కూడా తెగదు. కాలు చాచితే ఒక పాయ బిగుస్తుంది, మడిస్తే మరో పాయ అందుకుంటుంది. అందులోనే నాడుల కొసలు పొదిగావు. కళ్ళు మూసుకున్నా మోకాలు ఎంత వంగిందో మాకు తెలియడంలో వాటికీ పాలుంది. బరువు మోసే తాటికి చూపునిచ్చిన దయామయా!

ఆ తాటిని విప్పుకుంటూ పోతే పోగు, పోగులో పోగు, చివరికి కొల్లాజెన్. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా దాని రూపాన్ని కనిపెట్టారు: మూడు పాయల పెనవేత. అచ్చంగా జడే! ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్, అమైనో ఆమ్లాలన్నిటిలోకీ పసిది. పాయల నడుమ ఉన్న జాగా దానికే సరిపోతుంది. చలిరాత్రి బిడ్డను మధ్యలో పడుకోబెట్టుకున్నట్టు, మూడు పాయలూ ఆ పసిదాన్ని లోపలికి పొదువుకున్నాయి. ఏ అమ్మ నేర్పింది నీకు ఈ జడ?

కబడ్డీ కోర్టులో ఒక్క మెలితో ఆ ముడి తెగుతుంది. తెగిన కొసలు వాటంతటవి అతుక్కోవడం అరుదు. అప్పుడు మనిషి తన పోగు పట్టుకుని నీ మగ్గం దగ్గరికి వచ్చాడు. 1903లో మ్యూనిక్‌లో ఫ్రిట్జ్ లాంగె పట్టుదారం తెచ్చాడు. తరువాతి కాలంలో కార్బన్ పోగులు వచ్చాయి, డాక్రాన్ వచ్చింది. లోపల ఒరుసుకుని పీచుపీచయ్యాయి, రజను రాలింది, మోకాళ్ళు వాచాయి. ఎంతమంది ఎంత నొప్పి పడ్డారో! అయినా ఆ చేతులను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. నీ నేతను చూసి నేర్చుకుంటున్న పసిచేతులవి.

ఫ్రాన్స్‌లోని దిజాన్‌కు చెందిన జాక్-ఫిలిప్ లాబూరో రూపొందించిన లార్స్ లిగమెంట్ గురించి తెలుసుకున్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. పదార్థం పాలిస్టరే, మన చీరల్లోనూ నీళ్ళ సీసాల్లోనూ ఉండేదే. ఎముకలోకి దిగే కొసల్లో పడుగూ పేకా రెండూ ఉంటాయి. కీలు నడుమ ఉండే భాగంలో మాత్రం పడుగు ఒక్కటే. ఆ విడి పోగుల సందుల్లోకి ఒంట్లోని కణాలు వచ్చి అల్లుకోవాలని అలా వదిలారు. కుడి మోకాలికి ఒక మెలి, ఎడమ మోకాలికి అద్దంలో చూసినట్టు దానికి ఎదురు మెలి. మనిషి పడుగు సాగదీసి, పేక నీకోసం వదిలాడు స్వామీ! ఇంతకన్నా వినయమైన నేతను నేను చూడలేదు.

అయినా ఎక్కువమంది సర్జన్లు నేటికీ ఆ మనిషి ఒంటిలోని పోగునే అడిగి తీసుకుంటారు, తరచుగా తొడ వెనుక ఉన్న హామ్‌స్ట్రింగ్ స్నాయువును. కొత్త చోట నాటాక అందులోని కణాలు చనిపోతాయి. కొన్నాళ్ళకు సన్నని రక్తనాళాలు దారి వెతుక్కుంటూ వస్తాయి, కొత్త కణాలు కాపురం పెడతాయి, స్నాయువు లిగమెంటుగా మారుతుంది. తీసిన చోట కూడా చాలామందిలో, బల్లికి తోక మొలిచినట్టు, మళ్ళీ స్నాయువు మొలుస్తుంది. ఇచ్చిన చేతికి మళ్ళీ ఇచ్చే ఉదారుడా! పాలిస్టర్ పోగుకు తన చిరుగును తాను కుట్టుకోవడం రాదు. ఆ విద్య నీ దగ్గరే ఉంది.

మొన్న ఆ మెట్ల దగ్గర ఒక కుర్రవాడు. మోకాటి మీద రెండు చిన్న గాటు మచ్చలు, కింద ఒక సన్నని గీత. వాళ్ళమ్మ మోచెయ్యి పట్టుకోబోతే, వద్దమ్మా అన్నాడు. మెట్టును ముట్టి కళ్ళకద్దుకుని, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ముందు మంచి మోకాలు ఆనించాడు. తరువాత రెండోది. లోపల ఉన్నది తన నూలో దిజాన్ నూలో నాకు తెలియదు. వంగింది. నిలిచింది. వాళ్ళమ్మ గోవిందా అంది, మెట్లన్నీ పలికాయి.