మత్తు సంగతి ముందే తేల్చుకో, చిన్నా

చిన్నా, కొలనోస్కోపీకి మత్తు తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మీ ఆఫీసులో ఎవరో మత్తు లేకుండానే చేయించుకున్నారని విని నీకూ పౌరుషం వచ్చిందట. దీనికి పౌరుషం ఎందుకు నాయనా?

మత్తు లేకుండా చేయించుకోవచ్చు, నిజమే. నార్వేలో చాలామంది అలాగే చేయించుకుంటారు. పేగు లోపలి పొరకు కోత తెలియదు, లోపల పెరిగిన పాలిప్ అనే చిన్న కండను తీసినా నొప్పి ఉండదు. బాధంతా పేగు సాగినప్పుడే. ఎడమవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుంటావు. పేగులోకి పంపే గొట్టం వంపు తిరిగే చోట, లోపలికి గాలి పంపినప్పుడు, కడుపు బిగిసి మెలిపెట్టినట్టు వస్తుంది. కాసేపటికి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. కొందరు ఓర్చుకుంటారు. పొత్తికడుపు ఆపరేషన్ అయినవాళ్లకి ఎక్కువ ఉండొచ్చు. నీకు అపెండిక్స్ తీశారు, అది చెప్పడం మరిచిపోకు. గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడితే ఉబ్బరం తొందరగా తగ్గుతుంది. మీ ఆసుపత్రిలో ఉందేమో అడుగు.

మత్తు కూడా ఒకటే రకం కాదు. మిడజోలామ్ ఇస్తే మగతగా ఉంటావు, పిలిస్తే పలుకుతావు, తర్వాత చాలావరకు గుర్తుండదు. ప్రొపోఫాల్ అయితే నిద్రే. అప్పుడు నీ ఊపిరి కనిపెట్టుకుని మత్తు డాక్టరు పక్కనే ఉండాలి. నీకు గురక ఎక్కువ, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందని మీ ఆవిడ అంటూనే ఉంటుంది. ఆ మాట దాచకుండా చెప్పు. బీపీ, షుగరు, రక్తం పలచబడే మాత్రలు, ఏవి వాడుతుంటే అవన్నీ చెప్పు. మత్తు తీసుకున్నాక 24 గంటలు బండి తోలకూడదు. ఇంటికి తీసుకొచ్చే మనిషి కావాలి.

నన్నడిగితే, భయంగా ఉంటే తీసుకో. అందులో చిన్నతనం ఏమీ లేదు. లేదంటే చేతికి సూది పెట్టించుకుని, మత్తు లేకుండా మొదలుపెట్టమను. ఓర్చుకోలేకపోతే మధ్యలో ఇస్తారా అని ముందే అడుగు, గౌను వేసుకుని బల్ల మీద పడుకున్నాక కాదు. విరేచనాల మందు మాత్రం చెప్పినట్టే పూర్తిగా తాగు. పేగు శుభ్రంగా లేకపోతే చేసిన పరీక్ష వృథా.

మలంలో రక్తం పడుతోందని తెలిసీ, ఈ మత్తు గొడవతో వాయిదా వేయడం నాకు నచ్చలేదురా. రేపు పొద్దున్నే ఫోన్ చేసి తేదీ తీసుకో. ఆ రోజు నీ వెంట నేనొస్తాను.