మూడేండ్ల పిమ్మట

తన హృద్రోగమును దాచి జీవిత బీమా చేసికొన్నవాడు అసత్యమాడినాడు. అందు సందేహము లేదు. అయినను 1938 నాటి బీమా చట్టములోని 45వ సెక్షను, 2015 సవరణ పిమ్మట, 3 సంవత్సరములు నిండిన పాలసీని ఏ కారణముచేతను ప్రశ్నింపరాదని శాసించుచున్నది. పూర్వము గడువు రెండేండ్లే. కాని మోసము రుజువైనచో ఆ రక్షణ లేకుండెను. నేడు మోసమునకును గడువు తీరును.

రాజ్యము అసత్యమును క్షమించినదా? కాదనవలెను. ప్రీమియము పుచ్చుకొన్నన్నాళ్లు మౌనము వహించి, మరణానంతరము వైద్యుని చీటీలు వెదకు సంస్థ సత్యప్రీతి ఎట్టిది? సంజాయిషీ చెప్పవలసినవాడు అప్పటికి లేడు. గుమ్మమున నిలిచినది అతని భార్య.

ఆరోగ్య బీమాలో, 2024 నిబంధనల ప్రకారము, 60 నెలల అనంతరమును రుజువైన మోసమును ప్రశ్నింపవచ్చును. రోగి బ్రదికియుండి బదులు చెప్పగలడు. బహుశా భేదమందే యున్నది.

అయితే నిజము చెప్పి హెచ్చు ప్రీమియము కట్టినవాని సొమ్ములోనుండియు ఈ దయ సాగుచున్నది. అతనిని ఎవరును అడుగలేదు.