వంగిన కామ



గత వేసవిలో మా పెరటి గోడకు ఆనించి విడిచిన రెండు పారల కామలు వంగిపోయినవి. ఒక ప్రక్క దినమంతయు ఎండ తగిలెను, రెండవ ప్రక్క గోడ చెమ్మలో నుండెను. ఎండిన ప్రక్క ముడుచుకొనుటచే కఱ్ఱ ఆ వైపునకు లాగబడెను. నేను తొందరపడి ఒక కామను రెండు రాళ్లమీద పెట్టి కాలితో బలముగా త్రొక్కితిని. అది ఫెళ్లున చీలెను.

ఆ సాయంకాలమే, మాట తప్పినందుకు నా కుమారుని పదిమంది యెదుట గద్దించితిని. అతడు రెండు దినములు నాతో మాటలాడలేదు. వాకిట పడియున్న ఆ చీలిన కామను చూచినప్పుడు నాకీ ప్రశ్న కలిగెను: వంకరను సరిచేయుటకు బలము చాలునా?

మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత. దీనిని మనము తరచు నిరాశకు సాకుగా చెప్పుదుము. వడ్రంగి అట్లు నిరాశపడడు. అతడు కఱ్ఱకు మొదట ఆవిరి పట్టించును. అంగుళము మందమునకు సుమారు 1 గంట యని వాడుక. కఱ్ఱలోని నారపోగులను జిగురువలె పట్టియుంచు లిగ్నిన్ అను పదార్థము తడివేడికి మెత్తబడును. అప్పుడు కామను సమరేఖకు కొంచెము ఆవలికి వంచి, బరువు పెట్టి, చల్లారి ఆరువరకు కదలనీయడు. ముందుగా విడిచినయెడల అది పాత వంకరకే తిరిగిపోవును.

గ్రీకు తత్వవేత్తయగు అరిస్టాటిలు తన నీతిశాస్త్ర గ్రంథపు 2వ భాగములో ఈ పనినే ఉపమానముగా తీసికొనెను. మన మనస్సు ఏ తప్పువైపు మొగ్గునో కనిపెట్టి, దానికి ఎదుటి వైపునకు లాగుకొనవలెనని అతని భావము. అయితే గమనించుడి, అతడు చెప్పినది మనలను మనము దిద్దుకొనుటను గూర్చియే. నేనో, ఆ పని నా కుమారునితో మొదలుపెట్టితిని.

వంకరను సరిచేయుట మానవుని వశము కాదని ప్రసంగి 1వ అధ్యాయములో నిట్టూర్చెను. వంకర త్రోవలు తిన్ననగు దినమును యెషయా 40వ అధ్యాయములో చూచెను. ఈ రెండును నిజమే. నా కాలిబలము కఱ్ఱను సరిచేయలేకపోయెను. వేడియు, తడియు, ఓపికయు సరిచేయగలిగెను.

మరియొక మాట. మన పూర్వపు కొయ్య నాగలికి వడ్రంగి సహజముగా వంగిన తుమ్మ కొమ్మనే వెదకెడివాడు. కామకు లోపమైనది నాగలికి అక్కర. మన పిల్లలలో మనము వంకర యనుకొనునదెల్ల తప్పేనా, లేక మన కొలతకు సరిపడనిది మాత్రమేనా? త్రొక్కుటకు ముందు ఇది అడుగవలసియుండెను.

మూడవ దినమున నేను నా కుమారునియొద్దకు వెళ్లి, పదిమందిలో అనిన మాటలకు క్షమించుమని వేడుకొంటిని. అతని తప్పును గూర్చి ఆ దినమున ఏమియు ఎత్తలేదు. మరునాడు అతడే ఆ మాట తెచ్చెను. అంతయు చక్కబడినదని చెప్పజాలను. రెండవ కామకు ఆవిరి పట్టించి వంచితిమి. అది ఇంకను బరువు క్రిందనే యున్నది. దానిని విడిచిపెట్టుటకు తొందర లేదు.

చదువరీ, నీ యింటిలో నీవు సరిచేయగోరునది ఏది? దానికి మొదట ఏమి చూపుచున్నావు, వెచ్చదనమా, పాదమా?