అగోచరం: లేనిదా, అందనిదా?

‘ఇంపర్సెప్టిబుల్’ అనే ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ క్రియకు పూర్తిగా పట్టుకోవడం, గ్రహించడం అని అర్థం కాబట్టి, నిషేధార్థకమైన ఉపసర్గ చేరి ఏర్పడిన ఈ విశేషణానికి ‘పట్టుకు చిక్కనిది’ అన్నది అక్షరార్థం. వాడుకలో మాత్రం గడియారంలో గంటల ముల్లు కదలికలా కంటికి ఆననంత మెల్లని మార్పుకూ, ఇంద్రియాలకు ఎన్నటికీ అందని తత్త్వానికీ ఆ ఒక్క మాటే చెల్లుతుంది. తెలుగులో మొదటిది ‘గుర్తించరాని మార్పు’, రెండవది ‘అతీంద్రియం’. ఏది వాడాలో తేల్చుకునే అనువాదకుడు తెలిసో తెలియకో ఒక తత్త్వసమస్యలో పక్షం వహిస్తాడు. ‘అగోచరం’ ఇంకా అందమైన మాట: గోవు మేసే చోటు గోచరం, ఆ ‘గో’ శబ్దానికే ఇంద్రియమనే అర్థం కూడా ఉన్నందున, ఇంద్రియాలు తిరగాడే మేరకు అవతల ఉన్నది అగోచరం.

ఆ అవతల ఏమైనా ఉందా అన్న ప్రశ్నకు సాంఖ్యదర్శన గ్రంథమైన ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక సూటిగా బదులివ్వకుండా, ఉన్న వస్తువే కనబడకపోవడానికి ఎనిమిది కారణాలను ముందుగా చెబుతుంది. అతిదూరం, ఇంద్రియలోపం, మధ్యలో అడ్డు వంటివి ఎవరికైనా తోచేవే. అసలు సొగసు మిగిలిన వాటిలో ఉంది. కంటికి పెట్టుకున్న కాటుక ఆ కంటికే కనబడకపోవడం అతిసామీప్యం, పగటి నక్షత్రాలు సూర్యకాంతిలో మరుగుపడడం అభిభవం, పెసలరాశిలో పడిన పెసరగింజ విడిగా తెలియకపోవడం సమానాభిహారం, అంటే తనవంటివాటిలో కలిసిపోవడం. వీటిలో సౌక్ష్మ్యమనే కారణాన్ని తీసుకొని, జగత్తుకు మూలకారణమైన ప్రకృతి సూక్ష్మం కావడం వల్లనే కనబడదు తప్ప లేకపోవడం వల్ల కాదనీ, దాని కార్యాలను బట్టి దానిని ఊహించవచ్చుననీ సాంఖ్యులు వాదించారు. సూక్ష్మమన్న సాకు ఎవరైనా చెప్పగలిగేదే. కార్యాలను చూపవలసిన బాధ్యతను నెత్తిన వేసుకోవడం వల్లనే ఈ వాదానికి బరువు వచ్చింది.

దీనికి భిన్నంగా, పాశ్చాత్య తత్త్వవేత్త బార్క్లీ 1710లో, ఏ మనసూ గ్రహించని జడపదార్థం అన్న మాటలోనే వైరుధ్యం ఉందన్నాడు. అంతకు వెయ్యేళ్ల మునుపే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి మరింత జాగ్రత్తగా నడిచాడు: ఉంటే తప్పక కనబడవలసిన కుండ నేలమీద కనబడకపోతే అది లేదని నిశ్చయించవచ్చు గాని, స్వభావరీత్యానే కంటికి అందని పిశాచం కనబడనందున లేదనడం కుదరదు, అక్కడ మిగిలేది సందేహమే. ఈశ్వరుణ్ణి ఖండించిన ధర్మకీర్తి, కనబడడు కాబట్టి లేడన్న సులువైన వాదాన్ని ఆ ఖండనకు ఆధారం చేసుకోలేదు. జగత్కారణం నిత్యమూ మార్పులేనిదీ అయితే కార్యాలు ఒకప్పుడు పుట్టి మరొకప్పుడు పుట్టకపోవడం ఎలాగన్నదే అతని ఆక్షేపణ.