ఒడ్డు చేరినవారికి దారి

వాక్యభాగము: యెషయా 58:3-12



కెనడాలో వాంకోవర్ ద్వీపపు పడమటి తీరాన, ఒకవైపు పసిఫిక్ సముద్రం, మరోవైపు దట్టమైన అడవి ఉన్నచోట 75 కిలోమీటర్ల కాలిబాట ఒకటుంది. పేరు వెస్ట్ కోస్ట్ ట్రయిల్. పెద్ద పెద్ద సీడర్ చెట్ల మధ్య, బురదలో, నిచ్చెనలెక్కి దిగుతూ దాన్ని పూర్తిచేయడానికి సుమారు వారం పడుతుంది. నేడు సరదాగా నడిచే ఈ బాట వెనుక కన్నీటి కథ ఉంది.

1906 జనవరిలో వాలెన్షియా అనే ఓడ శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరింది. చెడు వాతావరణంలో దారి తప్పి, 22వ తేదీ అర్ధరాత్రికి కొంచెం ముందు పచీనా పాయింట్ దగ్గర రాళ్లకు కొట్టుకుంది. తీరం దగ్గరలోనే ఉంది. సహాయానికి వచ్చిన ఓడలు అలల వల్ల దరికి చేరలేకపోయాయి. వందమందికి పైగా చనిపోయారు. స్త్రీలలో, పిల్లలలో ఒక్కరూ బ్రతకలేదు. ఒడ్డు చేరిన కొద్దిమందికి ఎదురుగా చొరరాని అడవి. వారిలో తొమ్మిదిమందికి చెట్ల మధ్య టెలిగ్రాఫ్ తీగ కనబడింది. దాని వెంట నడిచి ఒక గుడిసె చేరి, అక్కడనుండి కబురు పంపగలిగారు.

ఆ విషాదం తరువాత ప్రభుత్వం అక్కడ దీపస్తంభం కట్టించింది. 1908లో అది వెలిగింది. దానితో ఆగలేదు. అడవిలో ప్రాణరక్షణ బాట వేయించి, దారి పొడవునా ఆశ్రయానికి గుడిసెలు కట్టించింది. దీపం ఓడను హెచ్చరిస్తుంది. మరి బాట ఎవరికోసం? ఓడ పగిలిపోయాక, తడిసి వణుకుతూ ఒడ్డు చేరినవానికోసం.

యెషయా కాలంలో ప్రజలు దేవుణ్ణి అడిగారు: మేము ఉపవాసముంటే నీవెందుకు చూడవు? ఆకలిగొన్నవానికి నీ ఆహారం పెట్టు, దిక్కులేనివానిని నీ ఇంట చేర్చుకో అని ప్రభువు జవాబిచ్చాడు. అలా చేసేవారికి 12వ వచనంలో ఒక పేరు వాగ్దానం చేశాడు: జనులు నివసించేలా త్రోవలు బాగుచేసేవారు.

ప్రియులారా, మనకు శుక్రవారం ఉపవాస ప్రార్థనలున్నాయి, జూమ్ కూటాలున్నాయి, ఆదివారం ఆరాధన ఉంది. మన దీపం వెలుగుతోంది, దేవునికి స్తోత్రం. కానీ వెనుక వరుసలో కూర్చున్న ఆ విద్యార్థి సంగతేమిటి? పని దొరకక, బేస్‌మెంట్ అద్దె కట్టలేక, ఊళ్లో అమ్మకు మాత్రం "బాగానే ఉన్నాను" అని ఫోన్‌లో చెబుతున్నాడు. మనం చేయి కలిపి, "ప్రార్థన చేస్తాం బ్రదర్" అని కారెక్కుతాం. అతనికి వెలుగు కనబడుతూనే ఉంది. అక్కడికి చేరే దారి లేదు.

పౌలు ఎక్కిన ఓడ పగిలినప్పుడు, వర్షంలో, చలిలో మెలితే ద్వీపవాసులు ముందుగా చేసిన పని నిప్పు రాజేయడం (అపొ. కార్యములు 28:2). సువార్త విననివారే అంత దయ చూపితే, విన్న మనమెంత చూపాలి!

ఇంకొక మాట. అడవిలో బాట ఒకసారి వేస్తే చాలదు. ప్రతి చలికాలం తుఫానుకు చెట్లు విరిగి అడ్డంగా పడతాయి. ఆ నేలమీద తరతరాలుగా దారులు నడిచిన హు-ఐ-ఆట్, డిటిడాట్, పచీడాట్ ప్రజల బిడ్డలే నేటికీ ఆ బాటను కాస్తూ, బాగుచేస్తున్నారు. మనం వచ్చిన కొత్తలో కూడా ఎవరో ఒకరు ఎయిర్‌పోర్టుకు వచ్చారు, చలికోటు ఇచ్చారు, పప్పన్నం పెట్టారు. ఆ దారి మన కాలంలో మూసుకుపోకూడదు.

మన ప్రభువు పరలోకం నుండి వెలుగు చూపి ఊరుకోలేదు. తానే దిగివచ్చి, తన శరీరమనే నూతన మార్గాన్ని మనకు తెరిచాడు (హెబ్రీ 10:20). ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, కారు దగ్గరకు వెళ్లేముందు ఒక్కసారి వెనుక వరుసవైపు నడుద్దాం.

త్రోవలు బాగుచేసే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.