తెగులుకు తలుపు తీయడం

మిర్యాలగూడ దిక్కు సాగర్ ఎడమ కాల్వ కింద సాంబ మసూరి వేసేటోళ్లకు బాక్టీరియా ఎండాకు తెగులు కొత్త కాదు. గాలివాన వెళ్లాక ఆకు అంచుల నుంచి ఎండుకుంటూ వస్తది. మందు కొట్టినా పెద్దగా గుణం కనిపించదు. ఆ తెగులు తెచ్చే జాంథోమోనాస్ ఒరైజే బాక్టీరియాలోకి బయటి డీఎన్ఏను ఇంకా తేలిగ్గా ఎక్కించే పద్ధతులు వెతకడం సరైన పనేనా?

అది అంత తేలిగ్గా లొంగే జీవి కాదు. కొన్ని మిల్లీసెకన్లు వేల వోల్టుల షాకిస్తే పొరలో సందులు పడతాయి. లోపలికి పోయిన డీఎన్ఏను దాని ఎంజైములే ముక్కలు చేస్తాయి. అందుకని ముందే ఆ డీఎన్ఏ మీద బాక్టీరియా సొంత గుర్తులు వేసి పంపుతారు, దొంగ పాసుతో బస్సెక్కించినట్టు.

ఇంత తిప్పలు ఎందుకంటే, ఒక్కో జన్యువును చెడగొట్టి చూస్తేనే ఏది దాని ఆయుధమో తెలుస్తుంది. వరిలో చక్కెరను కణం బయటికి వదిలే ఒక తూము ఉంది. బాక్టీరియా తన ప్రొటీన్ పంపి ఆ తూము తెరిపించుకుంటుందన్న సంగతి ఇట్లాగే బయటపడింది. సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి తెచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. దానిలోని మూడు నిరోధక జన్యువుల్లో ఒకటి ఆ మీటను బాక్టీరియాకు అందనివ్వనిదే. అది మామూలు సంకరంతో వచ్చిన వంగడం, జన్యుమార్పిడి పంట కాదు.

2010లో బీటీ వంకాయ మీద హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు పెట్టారు. మనం తినే వంకాయ గురించి అంత వాదించినం. మన పొలంలో ఉండే బాక్టీరియాను ల్యాబులో మారుస్తుంటే మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అమెరికా దీన్నే ఒకప్పుడు ప్రత్యేక అనుమతి లేనిదే ముట్టుకోకూడని జీవుల జాబితాలో పెట్టింది. మనకది ఏటా వచ్చే చుట్టం.

ఇన్నాళ్లూ ఆ పని కష్టంగా ఉండటమే ఒక కాపలా. ఆ కాపలాను ఎవరూ పెట్టలేదు, దానంతటదే ఉంది. పని సులువైతే అది పోతుంది, దాని చోట మనుషులు నిలబడాలి. అయినా ఆ పరిశోధన ఆపమనను. తెగులు గుట్టు తెలియకపోతే నష్టపోయేది రైతే. కానీ ఎక్కించిన డీఎన్ఏ నిలిచిందో లేదో తెలుసుకోవడానికి ఏదో ఒక యాంటీబయోటిక్‌ను తట్టుకునే జన్యువును దానికి జతచేస్తారు. ఇదే తెగులు మీద చేలల్లో స్ట్రెప్టోమైసిన్ ఉన్న మందు కొడుతూ వచ్చిన్రు. వేరే గుర్తు దొరికే చోట స్ట్రెప్టోమైసిన్‌ను తట్టుకునే జన్యువే ఎందుకు ఎంచుకున్నారని ల్యాబును అడిగే హక్కు ఆ కాల్వ కింది రైతుకు ఉండాలి. ఆయన ఆ ప్రశ్న వేయగలిగేలా ఈ సంగతంతా తెలుగులో చెప్పే పని ఆ ల్యాబులదే.